ఫ్రిజ్‌లో పెన్ను

మా చిట్టికి రెండో తరగతిలో కుట్టించిన యూనిఫాం నాలుగో తరగతి దాకా సరిపోయింది. ఎదిగే పిల్ల కదా అని గౌను అంచు లోపలికి మూడు వేళ్ళ మడత పెట్టించాను. ప్రతి జూన్‌లోనూ ఆ మడత విప్పి దింపుదామని తీసి చూడటం, అక్కర్లేదని మళ్ళీ బీరువాలో పెట్టడం. పక్కింటి పిన్నిగారితో "మా చిట్టి ఎంత పొదుపరో చూడండి, దానికి బట్టల ఖర్చే లేదు" అని నవ్వుతూ చెప్పాను కూడా. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఎవరూ లేకపోయినా తల దించుకుంటాను. కళ్ళ ముందు పిల్ల ఎదుగుదల ఆగిపోతుంటే నేను దాన్ని పొదుపు అనుకున్నాను.

స్కూల్లో ప్రార్థన లైనులో ఎప్పుడూ మొదటి పిల్ల మా చిట్టే. గ్రూప్ ఫొటోలో టీచరు పక్కన నిలబడేదీ అదే. ముందుంది కదా అని మురిసిపోయాను గానీ ఎందుకు ముందుందో ఆలోచించలేదు.

ఆ ఏడాది సంక్రాంతికి కోనసీమలో మా పుట్టింటికి వెళ్ళాం. మా తమ్ముడి కూతురు చిట్టి కంటే రెండేళ్ళు చిన్నది. పిల్లలిద్దరూ వీపుకి వీపు ఆనించి నిలబడి "ఎవరు పొడుగో చెప్పు మామ్మా" అన్నారు మా అమ్మతో. చిన్నదాని తల చిట్టి తల కంటే రెండు వేళ్ళు పైకి ఉంది. అందరూ నవ్వారు, చిట్టి కూడా నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు. రాత్రి అందరూ పడుకున్నాక నా దగ్గరికొచ్చి, "పిల్లని ఎవరికైనా చూపించవే. అప్పుడెప్పుడో నేను తెచ్చిన పరికిణీ ఇంకా పాదాల దాకా ఉంది దానికి" అంది.

అప్పుడు నేను అమ్మతో ఏమన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది. "ఆడపిల్లే కదమ్మా, పొట్టిగా ఉంటే ఏం పోయింది? మా అత్తయ్యగారి వైపు అందరూ పొట్టే. పెద్దమనిషి అయ్యాక అదే సాగుతుంది" అన్నాను. ఈ మాటలు మా అత్తయ్యగారివి అని చెప్పుకోవచ్చు. కానీ ఆ రాత్రి అన్నది నేనే. అదే మా పెద్దాడైతే ఆ మాట అనేదాన్నా? వాడు ఆరో తరగతిలో కాస్త సన్నబడితేనే రెండు హాస్పిటళ్ళు తిప్పాను.

రాజమండ్రి తిరిగొచ్చాక ఒక డాక్టరుకి చూపించాం. ఆయన ఎత్తు కొలవలేదు. బరువు చూసి, ఆకలి లేదా అని అడిగి, కాల్షియం టానిక్కూ ఏవో ప్రొటీన్ పొడులూ రాశారు. ఏడు నెలలు పాలల్లో కలిపి తాగించాను. పిల్ల కాస్త బుగ్గలు వచ్చింది గానీ ఎత్తు అంతే.

ఆ తర్వాత జ్వరానికని వేరే పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చిట్టిని చెప్పులు విప్పించి, గోడకి నిలబెట్టి కొలిచారు. 112 సెంటీమీటర్లు. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. "పాత కొలతలేమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగారు. ఇంటికొచ్చి టీకాల కార్డు, స్కూలు ప్రోగ్రెస్ కార్డులు వెతికి పట్టుకెళ్ళాను. ప్రోగ్రెస్ కార్డులో వెనకవైపు ఎత్తు, బరువు అని గళ్ళు ఉంటాయి చూడండి, మనం మార్కులు చూసి సంతకం పెట్టేసి వదిలేసేవి, ఆ గళ్ళే మాకు పనికొచ్చాయి. డాక్టరమ్మ వాటిని ఒక చార్టు మీద చుక్కలు పెట్టి కలిపారు. మామూలు పిల్లల గీతలు కొండెక్కుతున్నట్టు పైకి పోతుంటే, మా చిట్టి గీత నేల మీద పాకుతోంది.

"పొట్టిగా ఉందా లేదా అని మాత్రమే కాదమ్మా చూడాల్సింది. ఏడాదికి ఎంత పెరుగుతోంది అన్నది చూడాలి. ఈ వయసులో ఏటా ఐదారు సెంటీమీటర్లు పెరగాలి. మీ పాప మూడు కూడా పెరగడం లేదు" అన్నారు. హైదరాబాద్‌లో పిల్లల హార్మోన్ల డాక్టరుకి చీటీ రాసిచ్చారు.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. అలా ఎన్నిసార్లు తిరిగామో తర్వాత లెక్కపెట్టడం మానేశాను. ముందు రక్త పరీక్షలు చేశారు. థైరాయిడ్, కిడ్నీలు, రక్తహీనత, గోధుమలు పడకపోవడం వల్ల వచ్చే పేగుల జబ్బు, ఇలా పిల్లలు ఎదగకపోవడానికి ఉన్న కారణాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలట. ఆడపిల్ల కాబట్టి క్రోమోజోముల పరీక్ష కూడా చేశారు. కొందరు ఆడపిల్లలకి రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి లేకపోవడమో, లోపం ఉండటమో జరుగుతుంది. టర్నర్ సిండ్రోమ్ అంటారు. పొట్టిగా ఉండటం తప్ప పైకి వేరే లక్షణాలేవీ లేని వాళ్ళూ ఉంటారు కాబట్టి ఆ పరీక్ష తప్పదన్నారు. మా చిట్టికి అది లేదు.

ఎడమ చేతికి ఎక్స్‌రే తీశారు. చేతి ఎముకల్ని చూసి వాటి వయసు చెప్తారట. చిట్టికి తొమ్మిది నిండితే దాని ఎముకలకి ఆరున్నర. నాకు గుండె ఆగినంత పనైంది. డాక్టరమ్మ మాత్రం (ఈవిడా ఆడావిడే) "ఇది మనకి మంచి వార్తే. ఎముకల చివరలు ఇంకా మూసుకుపోలేదు. పెరగడానికి టైము ఉంది" అన్నారు.

ఆఖరి పరీక్ష రోజంతా పట్టింది. పరగడుపున తీసుకెళ్ళాం. చేతికి సూది అమర్చి ఉంచేసి, బీపీకి వాడే ఒక మాత్ర ఇచ్చి, అరగంటకోసారి రక్తం తీశారు. ఆ మాత్రకి ఒంట్లో గ్రోత్ హార్మోన్ పైకి లేవాలి. లేస్తుందో లేదో చూడటమే పరీక్ష. చిట్టి మగతగా నా ఒళ్ళో పడుకుంది. ఇంకో రోజు వేరే మందుతో మళ్ళీ అదే తంతు. రెండుసార్లూ హార్మోన్ లేవలేదు. మెదడుకి ఎం.ఆర్.ఐ. తీశారు, అందులో గడ్డలవీ ఏమీ లేవు.

తల లోపల బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది, దాన్నుంచి రావాల్సింది సరిగా రావడం లేదు అని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. తెలుగులో దాన్ని పీయూష గ్రంథి అంటారు. బీఏలో తెలుగు చదువుకున్నదాన్ని కదా, పీయూషం అంటే అమృతమని, జున్నుపాలకీ ఆ పేరుందని పరీక్షల్లో రాసిన గుర్తు. తిరుగు రైల్లో రాత్రంతా ఆ మాటే తిరిగింది నా బుర్రలో. దూడకి దక్కాల్సిన జున్నుపాలు దక్కకపోతే మనం ఊరుకుంటామా అనిపించింది.

ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మాత్రం అంత తేలిగ్గా లేదు. రోజూ రాత్రి ఒక ఇంజెక్షన్, అది కూడా ఏళ్ళ తరబడి. మా వారు డాక్టరమ్మని ముందే అడిగేశారు, "ప్రాణం మీదికొచ్చే జబ్బు కాదు కదండీ, వద్దనుకుంటే ఏమవుతుంది?" అని. ఆవిడ కోప్పడలేదు. "ఏమీ చేయకపోతే నాలుగున్నర అడుగుల లోపే ఆగిపోవచ్చు. బస్సులో పైన కమ్మీ అందదు. వంటగట్టు ఎత్తవుతుంది. స్కూటీ మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనవు. పొడుగు చేయాలని కాదండీ ఈ మందు. మీ ఇద్దరి ఎత్తుని బట్టి పాపకి రావాల్సిన ఎత్తు సుమారు ఐదడుగులు. అక్కడికి చేర్చడానికి ప్రయత్నం చేద్దాం" అన్నారు. అప్పటిదాకా ఎత్తు అంటే పెళ్ళిచూపుల సంగతే అనుకున్న నాకు ఆవిడ బస్సు కమ్మీ గురించి చెప్పడం చెంప మీద కొట్టినట్టయింది.

మా బంధువుల్లో ఒకాయన ఇంటికొచ్చి "ఆ మందు శవాల తలల్లోంచి తీస్తారట, జాగ్రత్త" అని చెప్పి పోయాడు. రెండు రాత్రులు నిద్ర లేదు నాకు. ఫోన్ చేసి అడిగితే డాక్టరమ్మ అది పూర్తిగా అబద్ధం కాదన్నారు. 1950ల చివరి నుంచి చాలా ఏళ్ళు చనిపోయినవాళ్ళ పీయూష గ్రంథుల నుంచే తీసేవారట. అలా తీసినదాని వల్ల కొందరికి ప్రాణాంతకమైన మెదడు జబ్బు రావడంతో 1985లో అమెరికాలో ఆపేశారు. అదే ఏడాది ప్రయోగశాలలో సూక్ష్మజీవుల చేత తయారు చేయించిన హార్మోన్‌కి అక్కడ అనుమతి వచ్చింది. ఇప్పుడు వాడేది అలా తయారైనదే. దీనికీ జాగ్రత్తలు లేకపోలేదు. విడవకుండా తలనొప్పి వచ్చినా, పిల్ల కుంటినా, తుంటి నొప్పి అన్నా వెంటనే చెప్పాలన్నారు. మూడు నెలలకోసారి ఎత్తు, అప్పుడప్పుడు థైరాయిడ్, షుగర్ చూస్తూ ఉండాలన్నారు.

ఇక డబ్బు. మొదట్లో నెలకి 12 వేల పైచిలుకు అయ్యేది. మందు బరువుని బట్టి కాబట్టి పిల్ల పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. మొదటి ఏడాదికి నా పెళ్ళినాటి గాజులు నాలుగు బ్యాంకులో పెట్టాం. "అవి దాని పెళ్ళికి కదే దాచావు" అన్నారు అత్తయ్యగారు. పేపరు చదువుకుంటున్న మావయ్యగారు తల ఎత్తకుండానే, "దాని కోసం దాచినవి దానికే వాడుతున్నారు. ఇందులో నష్టమేముంది?" అన్నారు. ఆ మాటతో ఆ చర్చ అయిపోయింది.

మందు పెన్ను ఆకారంలో ఉంటుంది. వెనక మర తిప్పితే టిక్ టిక్‌మంటూ డోసు వస్తుంది. సూది చాలా చిన్నది. రోజుకో కొత్త సూది. తొడ మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని గుచ్చి, మీట నొక్కి, పది లెక్కపెట్టి తీయాలి. ఇవాళ కుడి కాలైతే రేపు ఎడమ కాలు. ఈ హార్మోన్ పిల్లల ఒంట్లో రాత్రి గాఢనిద్రలో ఎక్కువగా ఊరుతుందట, అందుకని మనమూ పడుకునే ముందే ఇవ్వాలి. నర్సమ్మ నాతో దిండు మీద నాలుగుసార్లు చేయించింది. దిండు మీద బాగానే చేశాను.

మొదటి రాత్రి తొమ్మిదింటికి కూర్చుంటే పదిన్నరైంది. నా చెయ్యి వణుకుతూనే ఉంది. చిట్టి గౌను పైకి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని "అయిపోయిందా అమ్మా?" అని అడుగుతోంది. "అస్సలు నొప్పి ఉండదు తల్లీ" అని పదిసార్లు చెప్పి గుచ్చాను. అది ఏడవలేదు. నావైపు చూసి "నొప్పి ఉండదన్నావుగా?" అంది. ఆ చూపు నేను మర్చిపోలేను. మర్నాటి నుంచి "చీమ కుట్టినంత నొప్పి ఉంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అని చెప్పడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి పది అదే లెక్కపెట్టేది.

నేను చేసిన పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఇంజెక్షన్ సంగతి ఎవరికీ చెప్పొద్దని చిట్టి చేత ఒట్టు వేయించుకున్నాను. స్కూల్లో వద్దు, ఊళ్ళో వద్దు, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరైనా ఏమైనా అంటారేమో అని. చుట్టాలొస్తే దాన్ని గదిలోకి తీసుకెళ్ళి గడియ వేసి మరీ ఇచ్చేదాన్ని. ఫ్రిజ్‌లో పెన్ను కనపడకుండా కరివేపాకు డబ్బా వెనక పెట్టేదాన్ని.

ఓసారి మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు. రాత్రి భోజనాలకి కూర్చోబోతూ మావయ్యగారు ఎప్పటిలాగే చొక్కా కాస్త ఎత్తి పొట్ట మీద ఇన్సులిన్ చేసుకుంటున్నారు. ఆయనకి పదేళ్ళుగా షుగరు. నేను చిట్టిని కళ్ళతో గదిలోకి పిలిచాను. అది కదల్లేదు. "తాతయ్య అందరి ముందూ చేసుకుంటాడు కదా, నేనెందుకు తలుపేసుకోవాలి? నేనేం తప్పు చేశాను?" అంది, అందరూ వింటుండగా.

నాకు నోట మాట రాలేదు. మావయ్యగారే చెయ్యి చాపారు. "రావే, ఇలా నా పక్కన కూర్చో. నాదీ పెన్నే, నీదీ పెన్నే. నాకు బతికున్నంత కాలం, నీకు కొన్నాళ్ళే. నువ్వే నయం" అన్నారు. ఆ రాత్రి అందరి ముందూ ఇచ్చాను. మా ఆడపడుచు ఒక్క ప్రశ్న వేసింది, "నొప్పి పుడుతుందా చిట్టీ?" అని. "చీమంత" అంది చిట్టి. అంతే. నేను ఊహించుకున్న పిడుగులేవీ పడలేదు. మర్నాటి నుంచి పెన్ను మావయ్యగారి ఇన్సులిన్ పక్కనే ఉండేది. పదకొండేళ్ళు వచ్చేసరికి సూది మార్చడం, డోసు తిప్పడం, గుచ్చుకోవడం అన్నీ అదే చేసుకునేది. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని అంతే.

ఫ్రిజ్ అంటే ఇంకోటి చెప్పాలి. మా పాతది ఒకే తలుపున్న ఫ్రిజ్. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లగా ఉండాలి గానీ గడ్డ కట్టకూడదు. ఎండాకాలం కరెంటు పోతుందని భయపడి ఓ రాత్రి పైన ఫ్రీజర్ కింద అరలో బాగా లోపలికి తోశాను. పొద్దున చూస్తే పెన్ను మీద మంచు. గడ్డ కట్టిన మందు కరిగినా పనికిరాదన్నారు. పదిహేను రోజుల మందు చెత్తబుట్టలో పడేశాను. నన్నెవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. అప్పటి నుంచి మధ్య అరలో స్టీలు డబ్బాలో పెట్టడం, ఊరెళ్తే మంచు నేరుగా తగలకుండా తువ్వాలు చుట్టి ఐసు సంచిలో తీసుకెళ్ళడం అలవాటైంది.

ఆర్నెల్లయినా నా కంటికి తేడా తెలియలేదు. రోజూ చూసే పిల్ల కదా. తర్వాత జూన్‌లో స్కూళ్ళు తెరిచే ముందు యూనిఫాం తీసి తొడిగాను. గౌను మోకాళ్ళ పైకి వచ్చింది. లోపల ఆ మూడు వేళ్ళ మడత ఇంకా అలాగే ఉంది. కత్తెర తీసుకుని కుట్టు విప్పుతూ ఉంటే దారం కనపడలేదు, కళ్ళనిండా నీళ్ళు. మడత విప్పిన చోట బట్ట కొత్తదానిలా ముదురు నీలంగా ఉంది. "ఆ గీత కనపడుతుందమ్మా, కొత్తది కుట్టించు" అని గొడవ చేసింది చిట్టి. కుట్టించాను. ఆ మొదటి ఏడాది తొమ్మిది సెంటీమీటర్లు పెరిగింది. వంటింటి తలుపు పక్కన గోడ మీద పెద్దాడు పెన్సిలుతో గీతలు గీసి తారీఖులు వేసేవాడు. వాడికి ఫుట్‌బాల్ పిచ్చి. మెస్సీకీ చిన్నప్పుడు ఇదే లోపమని, ఇవే ఇంజెక్షన్లు చేసుకున్నాడని, బార్సిలోనా క్లబ్బు ఆ ఖర్చు భరించిందని ఎక్కడో చదివి చెల్లికి చెప్పాడు. "నాకు ఫుట్‌బాల్ రాదుగా అన్నయ్యా" అని తేల్చేసింది అది.

ఈ సంగతి తెలిశాక మా తోడికోడలు "మా వాడికీ ఆ ఎత్తు ఇంజెక్షన్ రాయించవా" అని అడిగింది. వాడు ఏటా ఆరు సెంటీమీటర్లు పెరుగుతున్న నిక్షేపమైన పిల్లాడు. వాళ్ళ నాన్న కంటే పొడుగవ్వాలని ఆవిడ ఆశ. ఇది టానిక్కు కాదని, అవసరం ఉందని పరీక్షల్లో తేలితేనే వాడేదని చెప్పాను. కోపం వచ్చింది ఆవిడకి. రానీ.

ఇప్పుడు చిట్టికి పదిహేనేళ్ళు. కిందటేడు ఎదుగుదల ఏడాదికి రెండు సెంటీమీటర్ల లోపుకి తగ్గిందని, ఎముకలు దాదాపు మూసుకున్నాయని పెన్ను ఆపేశారు. పెద్దయ్యాక ఈ హార్మోన్ ఇంకా అవసరమా అని మళ్ళీ ఓసారి పరీక్ష చేశారు. అక్కర్లేదన్నారు. చిట్టి ఎత్తు 152 సెంటీమీటర్లు. సరిగ్గా నా అంత.

మొన్న ఒక పెళ్ళిలో ఎవరో పెద్దావిడ దాన్ని ఎగాదిగా చూసి, "ఇన్నేళ్ళు అంత ఖర్చు పెట్టారు, ఏం పెరిగిందే? నీ అంతేగా!" అంది. "అవునండీ, నా అంతే" అన్నాను. నాకు కావాల్సింది అదే. వంటగట్టు దగ్గర ఇద్దరం పక్కపక్కన నిలబడి పప్పు తాలింపు పెడుతుంటే తల వంచక్కర్లేకుండా దాని మొహం నాకు కనపడుతుంది.

మీలో చాలామందికి ఎదిగే పిల్లలున్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు. పొట్టి పిల్లలందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. చాలామంది అమ్మానాన్నల పోలికే, కొందరు ఆలస్యంగా పెరుగుతారు, ఏ మందూ అక్కర్లేదు. కానీ బట్టలు, చెప్పులు రెండేళ్ళయినా బిగుతు కాకపోతే నాలాగా మురిసిపోకండి. "పెద్దమనిషి అయ్యాక పెరుగుతుందిలే" అని అసలు ఆగకండి. ఆడపిల్లలు బాగా పెరిగేది దానికి ముందే. ఆ తర్వాత సాధారణంగా పెరిగేది రెండు మూడు అంగుళాలే. ఇది నాకు ముందే తెలిసి ఉంటే మా చిట్టిని ఏడేళ్ళకే తీసుకెళ్ళేదాన్ని.

ఈ ఆదివారం ఓ పెన్సిలు తీసుకోండి. చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి, తల మీద అట్ట పెట్టి ఒక గీత గీసి తారీఖు వేయండి. ఆర్నెల్ల తర్వాత ఇంకోటి. అబ్బాయికి గీస్తే అమ్మాయికీ గీయండి.

మా ఇంటికి కిందటి నెల సున్నాలు వేయించాం. ఆ ఒక్క చోట మాత్రం వేయొద్దని మేస్త్రీకి చెప్పాను.